మోసిన దూరానికి రేటు లేదు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఆలస్యంగా అందింది. పల్పింగ్ యూనిట్లో కాఫీ పండు తొక్క తీసే మిషను దగ్గర నా పని. అది తిరుగుతున్నంతసేపూ ఫోను మోగినా వినబడదు. అయ్య చేసి చేసి విసిగి, గేటు బయట టీ కొట్టతనికి చేశాడు. అతనొచ్చి మిషను తనే కట్టేసి, "మీ అత్త సంతకని గంప ఎత్తుకోబోతా గుమ్మంలోనే కూలబడిపోనాదంట. ఇంక నేదంట" అన్నాడు. మిషను ఎవరు ఆపారని సూపర్‌వైజరు అవతల నుంచి అరుస్తున్నాడు. నేను చేతులు కడుక్కుని వచ్చేశాను. ఆ పూట కూలి కోసేశారు. కోసుకోనీ.

గుండె అన్నారు. ఆమె గుండెకి జబ్బుందని మాకెవరికీ తెలీదు. ఆమెకీ తెలీదు. ఎందుకంటే ఎవరూ ఎప్పుడూ పరీక్ష చెయ్యలేదు. ఆ పరీక్ష కావాలంటే ఘాటు రోడ్డు దిగి పోవాలి, ఆ రోజుకి సంత మానుకోవాలి. ఆమె సంత మానుకునే మనిషి కాదు.

చావింటి దగ్గర ఒక మాట నా చెవిన పడింది. "ఆ గుంట ఫోనులో షేర్లు కొని తగలేసినాది. ఆ దిగులే ముసిల్దాన్ని తినీసినాది" అని. అన్నవాళ్ళు ఎవరో రాయను. కానీ అది అబద్ధం. నా షేర్లు పడిపోయాయని తెలిసినప్పుడు మా అత్త దిగులు పడలేదు, నవ్వింది. సంతలో వరసంతా వినబడేలా నవ్వింది. ఆ సంగతి రాయడానికే ఇది మొదలుపెట్టాను. పదితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

ఆమె మా అయ్యకి అక్క. పెదబయలు దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. మావ తొందరగా పోయాడు, పిల్లల్లేరు, తిరిగి మా ఊరొచ్చి విడిగా ఇల్లు వేసుకుంది. డుంబ్రిగుడ సంతలో కూర్చుని మిరియాలు, పసుపు, పిప్పళ్ళు కొనేది, అమ్మేది. పెద్ద వర్తకమేం కాదు. కొండ మీది నుంచి మోసుకొచ్చినవాళ్ళు అమ్ముడుపోనిది ఆమె ముందు దించేవారు. ఆమె ఒక కాలు చాపుకుని, నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట కాలుస్తూ, గోనెలో మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి ఒక మిరియపు గింజ తీసేది. చుట్ట పక్కన పెట్టి ఆ గింజ పంటి కింద నొక్కేది. ఉమ్మేసేది. అప్పుడు రేటు చెప్పేది. పైనున్న గింజ ఎప్పుడూ కొరకదు. "పైది ఆడు సూపించీది, అడుగుది మనం సూసీది" అనేది.

ఆమెని దేవతని చెయ్యను. సాలూరు నుంచి వచ్చే షావుకార్లకి అమ్మేటప్పుడు ఆమె గోనె అడుగున కూడా చెమ్మ మిరియాలు ఉండేవి. అడిగితే, "ఆడికీ సెయ్యుంది కదే, దూర్సి సూసుకోమను" అనేది. మా కొండవాళ్ళ దగ్గర కొనేటప్పుడు మాత్రం తూకంలో తేడా చెయ్యలేదు. ఆ రెండింటికీ ఆమె మనసులో ఏ గొడవా లేదు.

ఇంక నా షేర్ల సంగతి. కాఫీ మేమే పండిస్తాం, మేమే కోస్తాం, మేమే తొక్క తీస్తాం. గింజ వేయించి కప్పులో పోసి అమ్మేవాడు మాత్రం వేరేవాడు. రోడ్డు పక్కన ఒక కప్పుకి టూరిస్టు ఇచ్చేది చూస్తే నాకు కడుపు మండేది. ఇప్పటికీ మండుతుంది. సొంతంగా గింజలు వేయించే డ్రమ్ము ఒకటి కొనుక్కోవాలని కూలి డబ్బుల్లో మిగిల్చుకుంటూ వచ్చాను. బేంకులో ఉంటే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది కదా అని, ఫోనులో వీడియోలు చూసి షేర్లలో పెట్టాను. సోలారు పలకలు చేసే కంపెనీ ఒకటి, రొయ్యల మేత కంపెనీ ఒకటి, నీళ్ళ పైపుల కంపెనీ ఒకటి. కొన్నాళ్ళు పెరిగాయి. ఆ తరవాత మూడూ పడ్డాయి. పొద్దున్న ఫోను తీస్తే ఎరుపు, మధ్యాహ్నం తీస్తే ఇంకా ఎరుపు.

ఫోనులో ఒక గ్రూపుండేది. అందులో ఒకడు రోజూ రాసేవాడు: "పడినప్పుడు అమ్మేవాడు పిరికివాడు. పట్టుకుని కూర్చోండి." తను మాత్రం ముందే అమ్ముకున్నాడని తరవాత తెలిసింది. కానీ నేను అమ్మకుండా కూర్చున్నది వాడి మాట విని కాదు. మా ఊళ్ళో మిరియాల్ని అలాగే చేస్తారు కాబట్టి. సంతలో రేటు పడిందనుకోండి, మావాళ్ళు మిరియాలు అమ్మరు. మళ్ళీ మోసుకుని ఇంటికి తెచ్చి, పొయ్యి పైన అటక మీద పడేస్తారు. పొగకి పురుగు రాదు. ఏడాదికో, ఆపై ఏడాదికో రేటు లేస్తుంది, అప్పుడు దింపుతారు. నేను పుట్టిన దగ్గర్నుంచి చూసింది అదే. పడితే దాచు, లేస్తే అమ్ము. షేరూ అంతేననుకున్నాను. పట్నంవాళ్ళు ఎందుకు తప్పు చేస్తారో నాకు తెలీదు గానీ, మా కొండవాళ్ళం చేస్తే ఇలాంటి తప్పే చేస్తాం.

ఒక సంతలో అత్త పక్కన కూర్చుని ఫోను చూసుకుంటున్నాను.

"ఏటే గుంటా, అస్తమానూ దాన్నే సూత్తావు. అందులోంచి మొగుడు దిగుతాడేటి?"

"షేర్లు పడిపోనాయత్తా."

"పడిపోతే లెగదియ్యి."

"నా సేతిలో నేదు. రేటు మళ్ళీ లెగిసీ దాకా అమ్మను. అటక మీది మిరియాల్లాగ అలగే ఉంచుతాను."

అత్త నోట్లోంచి చుట్ట తీసింది. "అయ్యి మిరియాలని నీకెవుడు సెప్పినాడే? ఆ కంపెనీవోడు ఏటి సేత్తాడు?"

సోలారు పలకలు చేస్తాడన్నాను. ఎక్కడ చేస్తాడు, ఎవరికి అమ్ముతాడు, అమ్మితే ఏం మిగులుతుంది, అప్పులున్నాయా అని ఒక్కొక్కటే అడిగింది. నాకు తెలీదు. రొయ్యల మేతవాడి గురించీ తెలీదు. పైపులవాడి గురించి కొంచెం చెప్పగలిగాను, మా ఊరికి నీళ్ళ లైను వేసినప్పుడు ఆ పైపులే దించారు కాబట్టి.

"అంటే గోనె మూతి ఇప్పకుండా కొన్నావేటే?" అంది. అని నవ్వడం మొదలుపెట్టింది. అటు పక్కన టమాటాలు పోసుకున్నామెకి చెప్పింది, ఇటు పక్కన ఎండు చేపలామెకి చెప్పింది. "మా గుంట సూడండే. మూతి కట్టిన గోనె కొని, లోపల మిరియాలున్నాయని అటకెక్కించింది." వాళ్ళూ నవ్వారు. చేపలామె, "పోన్లేమ్మా, నా సేపలు కూడా మూతి ఇప్పకుండా కొనీ" అంది. నాకు ఒళ్ళు మండి లేచి వెళ్ళిపోబోయాను. అత్త నా లంగా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

అప్పటికి పొద్దు వాలుతోంది. పక్కనామె టమాటాలు సగం కూడా అమ్ముడుపోలేదు. జీపులవాళ్ళు బేగి రమ్మని హారన్లు కొడుతున్నారు. ఆవిడ ఏం చేసిందంటే, అడిగినవాళ్ళకి అడిగినంతకి ఇచ్చేసి, గంప దులుపుకుని జీపెక్కేసింది. మళ్ళీ మోసుకుపోతే ఇంటికెళ్ళేసరికి నీరు కారిపోతాయి.

"సూసినావా?" అంది అత్త. "ఎండు సరుకైతే ఇంటికి ఎత్తుకెల్తాం. పచ్చి సరుకైతే ఇక్కడే ఒదిలేత్తాం. రేటు పడిపోనాదని రెండింటికీ ఒకే పని సేత్తారేటి? నీకాడున్నది ఎండుదో పచ్చిదో ముందు అది సూడు. అటక తరవాత."

ఇంకోసారి ఒక మనిషి కావిడితో అల్లం మోసుకొచ్చి ఆమెతో తగువు పడ్డాడు. ఎక్కడో లోపలి కొండ నుంచి మోసుకొచ్చానని, భుజం కాయ కాసిందని, ఆ రేటు చాలదని అతని గోల. అత్త అతనికి టీ ఇప్పించింది. రేటు మాత్రం పెంచలేదు. "నిజమే బాబూ, దూరమే. నువ్వు మోసిన దూరానికి సంతలో ఎవుడి కాడా రేటు నేదు. అల్లానికే రేటు" అంది. అతను వెళ్ళాక నా వైపు తిరిగి, "నువ్వూ అదే కదే. ఇంతకి కొన్నాను, ఇంతకి కొన్నాను అని ఒకటే పాట. కొన్న రేటు నీ భుజమ్మీద కాయ. కొనీవోడికి అదెందుకు? ఇయ్యాల అది నీ కాడ నేదనుకో. ఇయ్యాల్టి రేటుకి పిలిసి ఇత్తే కొంటావా? కొంటానంటే ఉంచు. కొననంటే ఎందుకుంచినావు?" అంది.

ఇది ఆమె షేర్ల సంగతి తెలిసి చెప్పిన మాట కాదు. షేరంటే ఏమిటో ఆమెకి చివరిదాకా సరిగ్గా తెలీదు. కంపెనీలో చిన్న ముక్క అని చెబితే, "ఐతే పైపులోడి కొట్టుకెళ్ళి ఒక పైపు అట్టుకొచ్చీ" అనేది. ఆమెకి సంత తెలుసు, అంతే. దాన్ని ఫోను మీదికి ఎక్కించుకోవడం నా పని అయ్యింది.

ఆ పని చేశాను. మధ్యాహ్నం అన్నం తినే టైములో, యూనిట్ గోడ పక్కన సిగ్నలు దొరికే చోట నిలబడి, మూడు కంపెనీల కాగితాలు చదివాను. తెలుగులో ఎవరూ రాయరు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఫోనుతోనే మాట మాటా అర్థం చేసుకున్నాను. ఆఫీసు గదిలోవాళ్ళు చూసి, "కొండోళ్ళకి కూడా షేర్లు వచ్చేశాయిరా" అన్నారు. నేను మీకేం బాకీ లేను అన్నాను. సోలారు కంపెనీ లెక్కలు తనిఖీ చేసే ఆడిటరు మధ్యలోనే మానేసి వెళ్ళిపోయాడని చదివాను. ఇంక రెండో మాట లేదు, ఉన్న రేటుకి అమ్మేశాను. తరవాత ఆ షేరు కొనేవాడు కూడా లేకుండా అడుక్కి పోయింది. రొయ్యల మేత వ్యాపారం ఎంత చదివినా నాకు అంతు పట్టలేదు. అత్తని అడిగితే, "తెలీని సరుకు పచ్చిదే అనుకో" అంది. అదీ అమ్మేశాను. పైపులవాడికి అప్పు తక్కువ, పని చేతినిండా ఉంది, మార్కెట్టంతా పడితే వాడూ పడ్డాడు. అది ఎండు సరుకని ఉంచాను.

వచ్చిన డబ్బుతో నేను అనుకున్న డ్రమ్ము రాలేదు. సాలూరులో ఒక వెల్డింగు కొట్టతను చేతితో తిప్పే డ్రమ్ము చేసిచ్చాడు. పైపుల షేరు లేస్తే మోటారు పెట్టుకుందామనుకున్నాను. మొదటిసారి వేయించిన గింజలు పొడి కొట్టి కాఫీ కాచి అత్తకిచ్చాను. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "ఏటే ఇది, బొగ్గు కాసినావేటి?" అంది. మళ్ళీ ఎత్తి మొత్తం తాగింది. తరవాత ప్రతి సంతకీ నా కాఫీ పొడి పొట్లాలు తన మిరియాల పక్కన పెట్టుకుని అమ్మింది. మొదట్లో పొట్లాలు సగం వెనక్కి వచ్చేవి. పోను పోను రావడం మానేశాయి.

ఆమె చెప్పిందల్లా సరిగ్గా జరగలేదు. మేం అమ్మేసిన రొయ్యల మేత షేరు కొన్నాళ్ళకి లేచింది. కొన్న రేటు దాటి పోయింది. నేను వెళ్ళి పోట్లాడాను. నీ మాట వినే అమ్మాను, నీవల్లే మోటారు పోయింది అన్నాను. ఆవిడ చేటలో మిరియాలు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "నానేటి మోదకొండమ్మ తల్లినా, ముందే సెప్పడానికి? టమాటా అనుకున్నాం, మిరియాలయినాయి. మరేటి సేత్తాం? ఆ రోజు మనకి తెలీదు. ఇయ్యాల తెలిసినాదని ఆ రోజుని తిడతావేటి? కూకో, జావ తాగు" అంది. నేను జావ తాగలేదు. మరుసటి సంతకి మామూలుగానే వెళ్ళాను.

ఆమె ఇంట్లో అటక మీద కిందటేడాది మిరియాలు రెండు గోనెలున్నాయి. రేటు పడిపోయిందని ఉంచింది. కానీ ఆమె ఉంచడం మిగతావాళ్ళు ఉంచినట్టు కాదు. ఎండ కాసిన రోజు చూసి దింపేది, వాకిట్లో టార్పాలిను మీద పోసేది, అడుగు గింజ కొరికేది, చెరిగి మళ్ళీ ఎక్కించేది. ఎందుకంత చాకిరీ అని అడిగితే చెప్పింది. మావ పోయిన కొత్తలో పసుపు కొమ్ములు రేటు కోసం దాచిందట. అది మావ తవ్విన ఆఖరి పంట. ఎండు సరుకే కదా అని మళ్ళీ ముట్టుకోలేదు. రేటు లేచిన ఏడాది గోనె విప్పితే కొమ్ములన్నీ పుచ్చి, చిల్లులు పడి, చేత్తో నొక్కితే పొడి అయిపోయాయట.

"దాసినాననుకున్నానే. మర్సిపోనాను, అంతే" అంది. "అప్పుడప్పుడు దింపి సూడకపోతే అది దాయడం కాదు. నీ పైపులోణ్ణి దింపి సూత్తన్నావా? రేటు కాదే. సరుకు."

చూస్తూనే ఉన్నాను. అందుకే ఆమె పోవడానికి కొంచెం ముందు వచ్చిన లెక్కల్లో నాకు నచ్చనిది కనబడింది. పైపులవాడు పైపులు వదిలేసి హోటళ్ళు కట్టడానికి అప్పు తెచ్చాడు. తెచ్చిన అప్పు మామూలుది కాదు. ఈ మాట పని దిగాక సంతకెళ్ళి అత్తకి చెప్పి ఏమంటుందో విందామనుకున్నాను. ఆ సంత రోజునే ఆమె పోయింది.

దహనం అయ్యాక దినం భోజనాలు పెట్టాలి. మాలో అది తప్పదు. పెదబయలు వైపు చుట్టాలు వస్తారు, ఊరందరికీ అన్నం పెట్టాలి. అయ్య దగ్గర డబ్బు లేదు. ఈలోగా సాలూరు నుంచి ఇద్దరు షావుకార్లు ఆటో వేసుకుని నేరుగా అత్త వాకిట్లోకి వచ్చారు. అరుగు మీద కూర్చుని మొహాలు దిగాలుగా పెట్టారు.

"పెద్దామె మాకు కావలసిన మనిషమ్మా. దినం కరుసులుంటాయి కదా, సాయం సేద్దామని వచ్చినాం. అటక మీద సరుకుందంట."

"సాయానికి గోన్లెందుకు తెచ్చారండి?" అన్నాను.

చెప్పిన రేటు సంత రేటు కన్నా బాగా తక్కువ. అయ్య నన్ను పక్కకి పిలిచాడు.

"గుంటా, నోరు మూసుకో. అమ్మీద్దాం. ఇంకో నెలకి కొత్త మిరియాలు దిగిపోతాయి. రేటు ఇంకా పడతాది."

"పడొచ్చయ్యా. పడదని నాను సెప్పను. కానీ ఈలు ఇచ్చీది మిరియాల రేటు కాదు, సావింటి రేటు."

"మరి బియ్యం ఎలాగొత్తాయి? నీ అత్త వచ్చి తెత్తాదేటి?"

ఆ మాట అన్నాక అయ్యే తల తిప్పుకున్నాడు. నేను నిచ్చెన వేసి ఒక గోనె దింపాను. మూతి విప్పి, చెయ్యి దూర్చి, అడుగు నుంచి గింజలు తీసి అయ్య చేతిలో పెట్టాను. మా అయ్య పుట్టి ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు, అది అక్క పని. ఒకటి పంటి కింద నొక్కాడు. కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"ఘాటున్నాది" అన్నాడు.

అప్పుడు నన్ను నేను అడగవలసింది అడిగాను. ఈ మిరియాలు మాకు లేవనుకుంటే, ఇవాళ సంత రేటుకి కొంటానా? కొంటాను. పైపుల షేరు నాకు లేదనుకుంటే, ఇవాళ్టి రేటుకి కొంటానా? కొనను. మోటారు మీది ఆశ తప్ప అందులో నాకు ఉంచుకోవలసిందేమీ లేదు. ఇంక ఆలోచించడానికేముంది. ఊరి పైన సిగ్నలు వచ్చే రాయి దగ్గరికి ఎక్కి, మార్కెట్టు మూసే లోపల అమ్మేశాను. నష్టానికే. రేపు ఆ షేరు పెరగొచ్చు. పెరిగితే పెరగనీ. డ్రమ్ము ఇంకొన్నాళ్ళు చేత్తోనే తిప్పుతాను, భుజాలున్నాయి.

దిగి వచ్చేసరికి షావుకార్లు ఇంకా అరుగు మీదే ఉన్నారు. బియ్యానికి నా షేరు డబ్బు వస్తుందని అయ్యకి చెప్పాను. "సరుకు అమ్మం. టీ తాగి ఎల్లండి" అన్నాడు అయ్య. తాగారు, వెళ్ళారు. ఆటోలో ఖాళీ గోన్లు.

దినం నాడు ఎండ బాగా కాసింది. పెదబయలు చుట్టాలు పొద్దున్నే దిగారు. దింపిన గోనె మళ్ళీ ఎక్కించే ముందు ఎండ చూపించాలి కదా అని వాకిట్లో టార్పాలిను పరిచి పోసేశాను. భోజనాలకి ఇంక చోటు లేదు. టార్పాలిను చుట్టూ అడ్డాకు విస్తళ్ళు వేసుకుని జనం వరసగా కూర్చున్నారు. పిల్లల్ని తొక్కొద్దని కసురుతూనే ఉన్నారు. అత్త చేట తీసుకుని నేను ఓ మూల నిలబడి చెరగడం మొదలుపెట్టాను. గాలి ఎటు తిరిగిందో చూసుకోలేదు. దుమ్మంతా పోయి వరస మీద పడింది. ముందు ఒక ముసలాయన తుమ్మాడు. ఆ పక్కనామె, ఆ తరవాత వంట చేసినవాళ్ళు, చివరికి ఏడుస్తూ కూర్చున్న అత్త ఆడపడుచు కూడా అన్నం ముద్ద చేతిలో పట్టుకుని తుమ్మింది. ఎవరో నవ్వారు. "ఆపవే గుంటా, అన్నం తిననీ" అని అయ్య అరిచాడు, అని తనూ తుమ్మాడు. వాకిలంతా తుమ్ముతూ, ముక్కులు తుడుచుకుంటూ, నవ్వుతూ తింటున్నారు. నేను గాలికి వీపు పెట్టి తిరిగి నిలబడి, మిగతాది చెరిగాను.